ఊపిరి తేమ

ఏప్రిల్ 6

అక్కకి,

నువ్వు క్షేమమని తలుస్తూ సరాసరి విషయంలోకి వస్తున్నాను. పని నెత్తిమీద కూర్చుంది. సంగీత కళాశాలవాళ్ళు నాలుగు వాద్యాలు నన్నే చెయ్యమన్నారు. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దది వయోలా ఒకటి, కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే చెల్లో ఒకటి. పదేళ్ళుగా వేరేవాళ్ళ పేరు మీద చెక్కినవాణ్ణి. లోపల నా పేరు చీటీ అంటించుకునే మొదటి వాద్యాలు ఇవే.

వీటికి ఆ చెక్కే కావాలి. మా గురువుగారు పోయేముందు నా చేతిలో పెట్టినది, మనింటి నేలమాళిగలో పద్నాలుగేళ్ళుగా ఆరుతున్నది. సెప్టెంబరులో లారీ తీసుకుని వస్తాను. ఈ ఒక్క వేసవీ దాన్ని కాపాడి పెట్టు.

పెద్ద కష్టమేమీ కాదు. గాలి ఆడుతుంది కదా అని కిటికీలు తెరుస్తావేమో, అదే అసలు తప్పు. బయటి వేడిగాలి తేమని మోసుకొస్తుంది. చల్లటి గోడకి తగలగానే, చల్లనీళ్ళు పోసిన గ్లాసుకి పట్టినట్టు గోడకి చెమట పడుతుంది. పగలంతా ఆ రెండు కిటికీలూ మూసే ఉంచు. ఎండ పడకుండా బయట గోనెపట్టా కట్టు. తెల్లారగట్ల, అదీ గాలి పొడిగా ఉన్న రోజున, ఒక గంట తియ్యి చాలు. బట్టలు అక్కడ ఆరెయ్యకు. చెక్కలు గోడకి జానెడు ఎడంగా ఉండాలి, వరసకీ వరసకీ మధ్య పెట్టిన పుల్లలు కదలకూడదు. తేమ లాగే మిషన్ ఒకటి పంపించాను, దాని తొట్టిలో నీళ్ళు రోజూ పారబొయ్యి. మెట్ల పక్కన మేకుకి గాలిలో తేమ కొలిచే మీటర్ వేలాడుతోంది కదా, ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఉండాలి. యాభై అయిదు దాటితే చెక్క నీళ్ళు తాగుతుంది. తాగింది మళ్ళీ ఆరేటప్పుడు చీలుతుంది. ఇక పొయ్యిలో పెట్టుకోవడమే.

నాన్న పైఇల్లు నీకూ నేలమాళిగ నాకూ రాసిచ్చినప్పుడు "నాకు గూడు, నీకు గొయ్యి" అని నవ్వావు. చూశావా, ఆ గొయ్యే ఇప్పుడు నా బతుకు.

ప్రతి ఉత్తరంలో అంకె రాయడం మరిచిపోకు.

తమ్ముడు


ఏప్రిల్ 19

ఒరేయ్ బుడ్డోడా,

నేను క్షేమమని తలిచావు కాబట్టి క్షేమంగానే ఉన్నాను. తలిచిన శ్రమ వృథా పోకూడదు కదా.

ఆసుపత్రి లాండ్రీలో నన్ను మళ్ళీ నైట్ డ్యూటీకి వేశారు. రాత్రంతా ఆవిరిలో దుప్పట్లు తిప్పి తిప్పి, పొద్దున్నే ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని పడిపోతున్నాను. సాయంత్రం ఆరుకి మళ్ళీ బయల్దేరడం. మధ్యలో కింద వాటాలో కాగితాల షాపాయన కోత మిషన్ ఆడిస్తాడు. కళ్ళు మూసుకుంటే నన్నే రీములు రీములుగా కోస్తున్నట్టుంటుంది. ఇంతలో నువ్వు నీ మొద్దులకి ఆయాగా ఉండమన్నావు. ఉంటున్నాను. గోనెపట్టా కట్టాను, తొట్టి పారబోస్తున్నాను, పుల్లల జోలికి పోలేదు. మొన్నటి అంకె నలభై తొమ్మిది. ఇవాళ యాభై మూడు. నా మీద అరవకు, నేనేం ఊదలేదు.

ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి. పైన రేకుల గదిలో, మనల్ని పెంచిన మనిషి ఒకావిడ ఉంటుందని నీకు గుర్తుండే ఉంటుంది. పిన్ని. నీ ఉత్తరం రాగానే మెట్లమీదే అడ్డంపడి "వాడు నా సంగతి ఏమన్నా రాశాడా?" అంది. కళ్ళకి శుక్లాలు, తను చదువుకోలేదు. "నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు" అని చెప్పాను. ఆ పూటంతా కాలు ఎగరేసుకుంటూ తిరిగింది. ఇలాంటివి నీ బదులు పదేళ్ళుగా నేనే అడుగుతున్నాను.

ఇంకో కబురు. నీ చెక్కలకి తోడు దొరికింది. నీ గదిలో ఒక అద్దెదారు చేరింది. మర్యాదస్తురాలే. చాపా, దిండూ, ఒక రేడియో. నీ మొద్దుల వైపు కన్నెత్తి కూడా చూడదు, భయపడకు.

నిద్ర లేని అక్క


ఏప్రిల్ 27

అక్కా,

నీ ఉత్తరం చదివి, ఉలి పక్కన పడేసి ఇది రాస్తున్నాను. నన్ను అడక్కుండా నా గది అద్దెకిచ్చావా? నాన్న చేతిరాత ఇంకా నా దగ్గరే ఉంది, ఆ గది ఎవరిదో అందులో స్పష్టంగా ఉంది. పైఇల్లు చాల్లేదా నీకు? కింద షాపు చాల్లేదా?

అందుకే మీటర్ యాభై మూడు చూపించింది. ఆ మనిషెవరో అక్కడ వండుకుంటోందా? ఉతుక్కుంటోందా? చెక్క మీద చెయ్యి వేస్తే చేతి చమురు దిగుతుందని ఆవిడకి ఎవరు చెప్తారు? నవ్వులాటగా రాస్తే నేనూ నవ్వి ఊరుకుంటాననుకున్నావు. చిన్నప్పట్నించీ నీది ఇదే వరస, ముందు లాక్కోవడం, తర్వాత జోకెయ్యడం.

ఈ ఉత్తరం అందిన రోజే ఆవిణ్ణి ఖాళీ చేయించు.

తమ్ముడు


మే 5

ఓ వయొలిన్ల మారాజా,

నీ అద్దెదారు పిన్ని.

జోకేసి తప్పుచేశాను. నీ చెక్కతో పాటు నీ బుర్రకాయా ఎండిపోయిందని గుర్తులేదు.

నేను తీసుకెళ్ళలేదు, తనే దిగింది. రేకుల గదిలో పొద్దున తొమ్మిదికల్లా ఇనప మంచం పట్టీ ముట్టుకోలేం. ఓ మధ్యాహ్నం తొట్టి పారబోద్దామని కిందికి వెళ్తే, నీ చెక్కల వరసకి బారెడు దూరంలో చాప వేసుకుని, గోడకి వీపు ఆనించుకుని కూర్చుంది. నన్ను చూసి, దొరికిపోయిన దొంగలా నవ్వి, "ఈ బొరియ ఎంత చల్లగా ఉందే! ముప్పయ్యేళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టా, ఇంత ఖాళీ సీటు ఎప్పుడూ దొరకలా" అంది. చెక్కలు చూపించి, "వీటికి టిక్కెట్టు ఉందా?" అంది. వండుకోవడాలూ ఉతుక్కోవడాలూ ఏమీ లేవు. రేడియో కూడా చెవికి ఆనించుకునే వింటుంది, నీ మొద్దులకి నిద్రాభంగమవుతుందేమోనని.

నువ్వు చెయ్యబోయే వాద్యాల గురించి చెప్పాను. చెక్క వైపు చూసి, "వాడికి ఆరేళ్ళప్పుడు జ్వరమొస్తే నా భుజం మీద వేసుకుని తిరిగా. అంతే ఉండేవాడు, ఆ రెండో పలకంత" అంది.

అంకె అరవై ఒకటి. మిషన్ ఆగకుండా తిరుగుతోంది, తొట్టి పూటపూటా నిండుతోంది. షాపాయన కూడా గోడ చెమ్మగా ఉందని గొణుగుతుంటే ప్లంబర్ని పిలిచాను. వేసవి పోయాక చూద్దామన్నాడు.

మరి పిన్నిని ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఖాళీ చేయించమన్నావుగా.

అక్క


మే 12

అక్కా,

పిన్ని అని ముందే రాసుంటే ఆ ఉత్తరం అలా రాసేవాణ్ణి కాదు. పోనీ. కానీ అరవై ఒకటి అరవై ఒకటే. మనిషి పేరు మారితే ముల్లు కిందికి దిగదు.

నేను చెప్పేది కోపం తెచ్చుకోకుండా విను. మూసిన గదిలో ఒక మనిషి పూటంతా ఉంటే ఊపిరిలో, చెమటలో పెద్ద గ్లాసుడు నీళ్ళు గాలిలో కలుస్తాయి. పగలూ రాత్రీ కలిపితే రెండు గ్లాసులు, మూడు గ్లాసులు. అదంతా ఎక్కడికి పోతుందనుకున్నావు? గోడలోకి, గోడనుంచి చెక్కలోకి. మిషన్ తొట్టి పూటపూటా నిండుతోందంటే అది పిన్ని ఊపిరే. నువ్వు పారబోస్తున్నది అదే.

ఆవిణ్ణి పైకి వెళ్ళమను. రేకుల మీద తడిగోనెలు పరిస్తే చల్లగానే ఉంటుంది. ముప్పయ్యేళ్ళు ఇంజను పక్కన నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషికి వేడి కొత్తా? ఈ వాద్యాలు పూర్తయి డబ్బు చేతికొస్తే ఆవిడకి కళ్ళ ఆపరేషన్ నేనే చేయిస్తానని చెప్పు. గదికి తాళం వేసి తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. ఆవిడ దగ్గర ఉంచకు, మళ్ళీ దిగుతుంది.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది, దాచడమెందుకు. రేపు నేనొచ్చేసరికి "పిన్ని ఉంటున్న గది, ఎలా ఖాళీ చేయిస్తాం" అంటావేమో. అందుకే ముందే చెప్తున్నాను.

తమ్ముడు


మే 21

తమ్ముడికి,

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను.

మామూలుగా నీ ఉత్తరాలు చదివేటప్పుడు మధ్యలో రెండు మాటలు కలుపుతాను. ఈసారి కలపలేదు. తియ్యనూ లేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను, ఇంజను పక్కన టిక్కెట్ల ముక్కతో సహా. నువ్వు ఇన్నాళ్ళూ మోకాళ్ళ గురించి అడగలేదని కూడా అప్పుడే చెప్పేశాను. రాత్రంతా డ్యూటీ చేసొచ్చి ఉన్నాను, నా నోటికి అడ్డు లేకపోయింది.

పిన్ని మొత్తం విని, "గ్లాసుడు నీళ్ళా? అంత వస్తాయా మనిషి లోంచి?" అంది.

"వాడలా రాశాడు" అన్నాను.

"నాకు తెలీదే. తెలిస్తే ముందే లేచేదాన్నిగా. పాపం, వాడి చెక్క" అంది. అని, చాప చుట్టింది. తను ఆనుకుని కూర్చున్న చోట గోడని తువ్వాలుతో రెండుసార్లు తుడిచింది. మెట్ల దగ్గరికొచ్చి, "స్టేజీ వచ్చింది. ఈ బస్సుకి పైకెక్కి దిగాలి, అంతే తేడా. రైట్ రైట్" అంది. నేను నవ్వలేదు. నేలమాళిగ నుంచి రేకుల గదికి ముప్పై తొమ్మిది మెట్లు. నాలుగుచోట్ల కూర్చుంది. చాప నేను పట్టుకున్నాను.

తాళం వేశాను. తాళంచెవి నా సంచీలో ఉంది. రేకుల మీద గోనెలు తడిపితే గంటలో అప్పడాల్లా ఎండుతున్నాయి. పగలు నేను పడుకుంటాను కాబట్టి మళ్ళీ తడిపేవాళ్ళు లేరు.

వాడిమీద నాకేం కోపం లేదని రాయమంది. రాశాను. నాకైతే ఉంది.

పిన్ని పైకి వెళ్ళి అయిదురోజులైంది. అంకె అరవై రెండు.

అక్క


మే 29

అక్కా,

నీకు కోపం లేని రోజంటూ ఉంటే ఆ రోజు ఉత్తరం రాయి, పటం కట్టించి గోడకి తగిలించుకుంటాను.

ఉన్నది ఉన్నట్టు చదవమని నేను చెప్పానా? చదివేదేదో చదివి, ఎలా చెప్పాలో అలా చెప్పడం నీకు చేతకాదా? పదేళ్ళు నా తరఫున తియ్యటి మాటలు చెప్పానంటున్నావు. నేను అడగని ఉపకారం పదేళ్ళు చేసి, అవసరమైన రోజున మానేశావు.

అరవై రెండు చూసి కంగారుపడకు. రాతిగోడ తేమని దాచుకుంటుంది, మెల్లగా వదులుతుంది. రెండు వారాలు ఆగు. ఆవిడ చాపో దుప్పటో కింద మిగిలిపోయాయేమో చూడు. నిజంగానే తాళం వేశావా, లేక నాకు రాయడానికి రాశావా? పగలు నువ్వు పడుకున్నాక ఎవరు దిగుతున్నారో నీకెలా తెలుస్తుంది?

ఇక్కడ చెల్లో మెడ చెక్కడం మొదలుపెట్టాను. మిగతా భాగాలు నీ కింద ఉన్నాయి. అంకె రాయి.

తమ్ముడు


జూన్ 5

తమ్ముడికి,

పిన్ని పోయింది. మూడో తేదీ పొద్దున నేను డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికే అయిపోయింది. వడదెబ్బ అన్నారు డాక్టరు. ముందురోజు సాయంత్రం వెళ్ళేటప్పుడు మాట్లాడాను, బాగానే ఉంది.

మీ వర్క్‌షాపుకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి ఎవరో ఎత్తారు, రంపాల చప్పుడులో నేను చెప్పింది వినపడలేదు, పెట్టేశారు. ఆ ఎండలో శవాన్ని ఉంచలేక నిన్ననే కార్యక్రమం ముగించాం. నేనూ, షాపాయనా, పిన్నితో పనిచేసిన ఇద్దరు డ్రైవర్లూ.

అంకె రాయమన్నావు. ఇందాక కిందికి వెళ్ళి చూసొచ్చాను. అరవై మూడు.

అక్క


జూన్ 13

అక్కా,

ఉత్తరం చేతికొచ్చాక ఆ రోజు ఏం చేశానో నాకు గుర్తులేదు. పక్కబల్ల ఆయన నా చేతిలోంచి ఉలి తీసుకున్నాడట. పిన్ని భుజం మీద ఒక టిక్కెట్ల సంచీ వాసన ఉండేది, తోలూ చిల్లరా కలిసిన వాసన. అదే రెండురోజులుగా ముక్కులో ఉంది.

ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు. నీ గది ఉంది కదా. ఫ్యానుంది, కాంక్రీటు కప్పుంది. నువ్వు రాత్రంతా ఆసుపత్రిలో ఉంటావు. ఆ మంచం పన్నెండు గంటలు ఖాళీగా పడుంటుంది. పిన్నిని అక్కడ పడుకోబెట్టాలని నీకు ఎందుకు తోచలేదు? నేను చెక్క గురించి రాశాను. మనిషిని రేకుల కింద ఉడికించమని రాయలేదు. పైకి వెళ్ళమనమన్నాను సరే, పైకి అంటే రేకుల గదేనా? మధ్యలో నీ అంతస్తు లేదా?

"రేకుల మీద" అని నేనే రాశానని నువ్వు చూపిస్తావు, తెలుసు. నువ్వు కళ్ళెదుట ఉన్నదానివి. నేను దూరంగా కాగితం మీద రాసినవాణ్ణి. తేడా ఉంది.

ఇంకొకటి. ఎవరూ లేని, తాళం వేసిన గదిలో అరవై మూడు ఎలా ఉంటుంది?

తమ్ముడు


జూన్ 22

తమ్ముడికి,

రెండు ప్రశ్నలడిగావు. రెండోదానికి ముందు జవాబు చెప్తాను, అది తేలిక.

మా బాత్రూమ్ గోడలోంచి కిందికి దిగే పైపుకి సూదిమొనంత కన్నం పడింది. నీళ్ళు గోడలోనే జారి, షాపాయన గోడ తడిపి, నీ నేలమాళిగ రాళ్ళలోకి దిగుతున్నాయి. పదిరోజుల కిందట ప్లంబర్ గోడ పగలగొట్టి పైపు మార్చాడు. మూడోరోజుకి మీటర్ యాభై అయిదు. ఇవాళ నలభై ఏడు. నువ్వు అడిగిన దానికన్నా ఒకటి తక్కువే. తొట్టిలో నీళ్ళు అడుగు కూడా తడవడం లేదు. నేను పూటపూటా పారబోసింది పిన్ని ఊపిరి కాదు, నా స్నానం నీళ్ళు.

వేసవి పోయాక చూద్దామన్నది ప్లంబర్ కాదు, నేను. అతను మే నెల మొదట్లోనే చెవి గోడకి పెట్టి విని, "కిందికే దిగుతోందమ్మా, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. రెండురోజులు పగటిపూట పగలగొట్టాలి అన్నాడు. పగలు నాకు నిద్ర. ఆ దుమ్ములో, సుత్తి దెబ్బల్లో ఎలా పడుకోను అని వద్దన్నాను. నీ ఉత్తరం వచ్చేసరికి ఈ సంగతంతా నాకు తెలుసు. తెలిసే పిన్నికి చదివి వినిపించాను.

ఎందుకంటావు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు నర్సు ట్రైనింగులో సీటొచ్చింది, నీకు గుర్తుండదు, నీ గొడవలో నువ్వున్నావు. అదే నెలలో పిన్ని బస్సు మెట్టు మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఎవరో ఒకరు ఉండాలి. పిన్ని మంచం మీంచే తేల్చేసింది, "బుడ్డోడు గురువుగారి దగ్గరికి వెళ్తాడు, నువ్వుండు" అని. నేనున్నాను. ఆసుపత్రిలోనే పనిచేస్తున్నాను, చూడు, రోగుల దగ్గర కాదు, రోగుల దుప్పట్ల దగ్గర. ఇరవయ్యేళ్ళుగా నేను అన్నం పెడుతుంటే నీ గురించి అడిగిన మనిషి తను. నీ ఉత్తరం చదువుతున్నప్పుడు ఒక్కసారైనా వాడెలాంటివాడో తెలుసుకోనీ అనుకున్నాను. తెలుసుకుంది. "పాపం, వాడి చెక్క" అంది.

మంచం సంగతి. నేను రమ్మనలేదు, తను అడగలేదు. ఆ గదొక్కటే నాది. వెళ్ళేటప్పుడు కూడా తాళం వేసుకునే వెళ్తాను.

అక్క


జూలై 3

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను.

మొదటిసారి చదివినప్పుడు తేలిగ్గా అనిపించింది. హమ్మయ్య, నేను కాదు అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి. మూడోసారి నలభై ఏడు దగ్గర ఆగిపోయాను. చెక్క బతికింది అనుకున్నాను. పిన్ని పోయి నెల తిరిగిన రోజున, అదీ నేను అనుకున్నది.

ఆ గ్లాసుల లెక్క నిజమే. కానీ అంతకి రెండింతలు వచ్చినా ఆ మిషన్ లాగేస్తుంది. ఆ సంగతి రాసేటప్పుడు నాకు తెలుసు. మనిషి ఊపిరికి మీటర్ అన్ని గీతలు ఎక్కదనీ తెలుసు. ఇంకేదో కారణం ఉండాలి. కానీ నాకు నా గదిలో ఎవరూ ఉండకూడదు. నువ్వు ఆవిణ్ణి అడ్డం పెట్టి గది తీసుకుంటావని భయం. వేరే మాట దొరకలేదు, ఊపిరి దొరికింది.

సెప్టెంబరులో వస్తాను. నీతో పోట్లాడటానికి నా దగ్గర ఇక ఏమీ లేదు. ఒక్కటి మాత్రం రాయి. ముందురోజు సాయంత్రం పిన్నితో మాట్లాడానన్నావు. ఏం మాట్లాడింది? నన్ను ఏమన్నా తిట్టిందా? తిట్టి ఉంటే అదే రాయి. ఈసారి ఏమీ కలపకు.

తమ్ముడు


జూలై 14

తమ్ముడికి,

సాయంత్రం నేను మాట్లాడలేదు. మధ్యాహ్నం తను మాట్లాడింది.

మూడో, మూడున్నరో అయ్యుంటుంది. ఆ ముందు రాత్రి లాండ్రీలో మిషన్ చెడిపోయి దుప్పట్లు చేత్తో పిండాం, ఒళ్ళు హూనమై పడుకున్నాను. పై మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతోంది. మెలకువ వచ్చింది, కదల్లేదు. తలుపు మీద వేలితో కొట్టింది, రెండుసార్లు, మెల్లగా.

"అమ్మాయ్, నిద్రపోతున్నావా?" అంది.

నేను పలకలేదు.

"తాళంచెవి ఇస్తావా? ఒక్క గంట కూర్చునొస్తా. మూతికి తువ్వాలు కట్టుకుంటాలే. దాంట్లోకే వదుల్తా ఊపిరి. వాడి చెక్కకి తగలనివ్వను."

సంచీ నా తలకిందే ఉంది. చెయ్యి పెడితే తాళంచెవి. లేస్తే ఇక నిద్ర పట్టదు, రెండు గంటల్లో మళ్ళీ డ్యూటీ. ఇంకోసారి కొడితే లేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తను మళ్ళీ కొట్టలేదు.

"ఏం లేదులే. పడుకో" అంది.

తర్వాత పైకి వెళ్తున్న చప్పుడు వినపడలేదు. నాకు నిద్ర పట్టేసింది. హాయిగా పట్టింది, అది కూడా రాస్తున్నాను, ఏమీ కలపొద్దన్నావుగా.

ఆరింటికి తయారై తలుపు తీస్తే, నా గుమ్మం దాటి రెండు మెట్లు కిందికి, గోడకి తల ఆనించి కూర్చుని ఉంది. మూతికి తువ్వాలు కట్టుకుని ఉంది, వెనక ముడి కూడా వేసుకుంది. కళ్ళు మూసి ఉన్నాయి. మొహం ఎర్రగా ఉంది, చెమట లేదు. ఒంట్లో నీళ్ళుంటేగా చెమట పట్టడానికి. ఇరవయ్యేళ్ళు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను, వడదెబ్బ తగిలిన మనిషి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిద్రపోతోంది అనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉంది. లేపితే తాళంచెవి అడుగుతుంది, ఇచ్చి కిందిదాకా దింపాలి, బస్సు పోతుంది. గోడవైపు ఒదిగి, చీలమండకి నా సంచీ తగలకుండా పైకి ఎత్తి పట్టుకుని, తనని దాటుకుని దిగిపోయాను. వీధి తలుపు బయటనుంచి వేసుకున్నాను.

పొద్దున్న ఏడింటికి తలుపు తీసేసరికి అదే మెట్టు మీద ఉంది. అదే కూర్చోవడం. తల ఒక్కటే కొంచెం జారింది.

తువ్వాలు నేను విప్పాను, ఎవరూ చూడకముందే. డాక్టరుగారు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, "చివరిసారి ఎప్పుడు చూశారు?" అని అడిగారు. "సాయంత్రం వెళ్ళేటప్పుడు మాట్లాడానండి, బాగానే ఉంది, మంచినీళ్ళు కూడా ఇచ్చాను" అన్నాను. మంచినీళ్ళ మాట ఎక్కడనుంచి వచ్చిందో నాకే తెలీదు. ఆయన రాసుకున్నారు. "మీరు చెయ్యాల్సింది చేశారమ్మా, బాధపడకండి" అన్నారు. నేను ఆయనకి దండం పెట్టాను.

నిన్ను తిట్టలేదు. నీ పేరు కూడా ఎత్తలేదు, "వాడు" అంది, అంతే.

అక్క